కుర్చీలమ్మ ఆఫ్రికా ప్లాను

మా అత్త గురించి వీధిలో చెప్పుకునేది ఇదీ. ఆఫ్రికాలో ఐదు పార్కులు చూపించమని ముగ్గురున్న ఒక కుటుంబం వస్తే, ఐదింటికి ప్లాన్ వెయ్యడం చేతకాక మూడింటితో సరిపెట్టింది. పైగా గంటకోసారి ఆగిపోయే డొక్కు బండి ఒకటి వాళ్ళకి అంటగట్టింది. అంతకుముందు ఆ ముగ్గుర్నీ మేడ మీద గదిలో కుర్చీల్లో కూర్చోబెట్టి, లేవనివ్వకుండా, ఇదే ఆఫ్రికా అనుకోమంది. మంగలి షాపులో ఈ కథకి ఇంకో ముక్క తగిలించారు. మిగిలిన రెండు పార్కులూ ఆ గదిలోనే చూపించేశానని చెప్పిందట.

నేను ఆవిడ దగ్గరే పనిచేస్తాను కాబట్టి నన్ను ఆపి అడుగుతారు. నాకు నలుగురిలో నోరు పెగలదు. నవ్వేసి తప్పుకుంటాను. అసలు ఆ కథలో చాలావరకు జరిగిందే. కుర్చీలు నిజం. ఐదు పార్కులు మూడవడం నిజం. బండి గంటకోసారి ఆగడం కూడా నిజమే. అందుకే కాదనడానికి మాట దొరకదు. రాస్తే మధ్యలో ఎవరూ అడ్డు రారని రాస్తున్నాను.

అత్త మా నాన్నకి అక్క. బస్ డిపోలో ఎంక్వైరీ కౌంటర్లో ఇరవై రెండేళ్ళు కూర్చుంది. గాజు పలక, దానికి అరచేతంత కంత, వెనక అత్త. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ దిగి మారాలి, అది తప్పితే తర్వాత ఏముంది, అన్నీ కాగితం చూడకుండా చెప్పేది. ఇంట్లోనూ అదే వరస. భోజనానికి పిలిస్తే వస్తున్నా అనదు, నాలుగు నిమిషాలు అంటుంది. సరిగ్గా నాలుగు నిమిషాలకి వచ్చి కూర్చుంటుంది. మామయ్య ఉన్న రోజుల్లో అనేవాడు, మీ అత్త కోపం కూడా టైముకే బయల్దేరుతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు అని.

డిపోలో కౌంటరు తీసేసి బస్సు టైములు చూపించే టీవీ తెరలు బిగించాక, అత్త ఉద్యోగం మానేసి సొంతంగా ప్రయాణాలు ఏర్పాటు చేసే ఆఫీసు పెట్టింది. మొదటి జట్టు పదకొండు మంది. కొండల మీద చెరువు చూసి రావడానికి నాలుగు రోజుల ప్లాన్. ఒక్క బండి ఆలస్యం కాలేదు, ఒక్క గది తప్పిపోలేదు. కానీ తిరిగొచ్చేసరికి కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. ఒక పెద్దావిడకి కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. ఒకాయన వాంతులు చేసుకుని, ఆ చెరువు దాకా వెళ్ళి కూడా బండిలోనే పడుకుని వచ్చాడు. అందరూ అత్తకి థాంక్స్ చెప్పారు, ఒక్కరూ మళ్ళీ రాలేదు.

అత్తకి మూడు రోజులు అన్నం సహించలేదు. "ఇరవై రెండేళ్ళు ఆరు గంటలు, ఎనిమిది గంటలు అని కంతలోంచి చెప్పాను. ఒక్క రోజైనా ఆరు గంటలు కూర్చుని చూశానా?" అంది. నాలుగో రోజు కుర్చీలు కొనడం మొదలుపెట్టింది.

ఆఫీసంటే గడియారాలు బాగుచేసే షాపు పైన రెండు గదులు. ముందు గదిలో బల్ల, ఫోను, గోడనిండా పటాలు. వెనక గదిలో కుర్చీలు. అన్నీ ఒక రకం కావు. వాటిలో మూడు, ఊళ్ళో సినిమా హాలు కూలగొట్టినప్పుడు తెచ్చినవి, ఇనప కాళ్ళతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. రెండు పాత వ్యాన్ సీట్లు. అన్నిటికీ ముందు ఒక మంగలి కుర్చీ, దానికెదురుగా గోడకి దాంతోపాటు వచ్చిన అద్దం. అది డ్రైవర్ సీటు. అందులో అత్త కూర్చుంటుంది. వెనకవాళ్ళకి ఆవిడ వీపే కనిపిస్తుంది. ఆవిడకి మాత్రం అద్దంలో అందరి మొహాలూ కనిపిస్తాయి.

ఎవరైనా ప్రయాణానికి వస్తే, ఆ దారిలో అన్నిటికన్నా పెద్ద ముక్క ఏదో చూసి, అందులో సగం సేపు వాళ్ళని ఆ కుర్చీల్లో కూర్చోబెడుతుంది. ఫోన్లు బల్ల మీద పెట్టెయ్యాలి. సంచులు కాళ్ళ దగ్గరే ఉండాలి. ప్లాన్ వేసేది ఆ తర్వాతే. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన ఏడు అత్త నన్ను పిలిపించుకుంది. "చదువాగితే ఆగింది, కళ్ళు ఆగలేదుగా. చూసింది చూసినట్టు రాయి" అని నోటుబుక్కు చేతిలో పెట్టింది. అప్పట్నించీ నేను మూలన ముక్కాలి పీట మీద కూర్చుని రాస్తాను. ఎవరు ఎప్పుడు కదిలారు, ఎవరికి నడుం పట్టింది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, అవీ నా రాతలు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి మూడో గంటలో పోట్లాడుకుంటే, అత్త వాళ్ళ పది రోజుల టూరుని నాలుగు రోజులకి కోసేసింది. ఇప్పుడు వాళ్ళకి ఇద్దరు పిల్లలు. అయినా వీధికి ఆవిడ కుర్చీలమ్మే.

ఆఫ్రికాకి అంతకుముందు మూడు జట్లని పంపింది. తను వెళ్ళలేదు. అక్కడ అరూషా అనే ఊళ్ళో ఒక సఫారీ డ్రైవరుంటాడు. ఆయనకి ఫోన్ చేసి, ఇంకెవరూ అడగని ప్రశ్నలు అడుగుతుంది. బండి మెట్టు నేల నుంచి ఎన్ని అంగుళాలు, ఎండ ఏ వైపు సీటు మీద పడుతుంది, పై కప్పు తెరిచి నిలబడితే పట్టుకోడానికి ఏముంది, అన్నీ కావాలి. ఇద్దరిదీ ముక్కలు ముక్కల ఇంగ్లీషు. ఆయన ఆవిణ్ణి "మామా" అని పిలుస్తాడు. మొదటిసారి విన్నప్పుడు, అత్తని పట్టుకుని మామ అంటాడేంటని నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. వాళ్ళ భాషలో పెద్దావిణ్ణి గౌరవంగా అలాగే అంటారట.

పోయినేడు వచ్చింది ఆ కుటుంబం. తండ్రి, కూతురు, అల్లుడు. తండ్రి మా ఊరి జూలో ముప్పై ఒక్కేళ్ళు జంతువులకి మేత వేసిన మనిషి. అందరూ జూ తాతగారనే అంటారు. కూతురికి టైలరింగ్ షాపుంది. అల్లుడిది ఇన్సూరెన్స్ ఆఫీసులో గుద్దుకున్న కార్లని చూసి రిపోర్టు రాసే ఉద్యోగం. నాన్నకి డెబ్బై నిండే లోపు ఆఫ్రికా చూపించాలని కూతురు నాలుగేళ్ళుగా అనుకుంటోంది.

అల్లుడుగారు ఫోన్లో జాబితా చూపించారు. ఆంబోసెలి, మసాయి మారా, సెరెంగెటి, గోరోంగోరో, టరంగీరే. రెండు దేశాలు, ఐదు చోట్లు, తొమ్మిది రోజులు. అత్త పటం మీద వేలు పెట్టి చెప్పింది. మసాయి మారా, సెరెంగెటి రెండూ ఆనుకునే ఉన్నాయి గానీ మధ్యలో దేశాల సరిహద్దు ఉంది, అక్కడ మనల్ని దాటనివ్వరు, పడమరగా చుట్టి వేరే చోట దాటాలి, దాంతో ఒక రోజు పోతుంది.

"జీబ్రాలు దాటేస్తాయి కదా మేడమ్?" అన్నాడాయన.

"వాటికి బ్యాగులుండవు బాబూ" అంది అత్త.

ఒక రోజు బండిలో కూర్చుంటే కరిగిపోం అని ఆయన నవ్వాడు. ఐదు చోట్లూ ఉండాల్సిందేనట, తన ఆఫీసులో అప్పుడే చెప్పేశాట్ట.

తాతగారు మాత్రం పటం వైపు చూళ్ళేదు. ఏ జంతువు చూడాలనుందని అత్త అడిగితే, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. "మా జిరాఫీ దొడ్డి చిన్నదమ్మా. నాలుగంగలు వేసేసరికి గోడ వచ్చేస్తుంది. ముప్పై ఒక్కేళ్ళు మేత వేశాను గానీ, అది పరిగెత్తగా ఒక్కసారీ చూళ్ళేదు." ముందుకి వంగి, "బండి మధ్యలో ఎక్కడైనా ఆగుతుందామ్మా?" అని అడిగాడు. ఎందుకాగదు అన్నయ్యగారూ, ఆగుతుంది అని అత్త మళ్ళీ పటంలోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం కుర్చీలు. ఆంబోసెలి నుంచి మసాయి మారాకి రోడ్డు మీద ఎనిమిది గంటలు లెక్కేసి, నాలుగు గంటలు కూర్చోమంది. తాతగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. గంటయ్యాక టీ ఇచ్చాను. కాసేపాగి తాగుతానమ్మా అని ఆయన గ్లాసు కుర్చీ కింద పెట్టుకున్నాడు. మంచినీళ్ళిస్తే అవీ అక్కడే పెట్టాడు. అల్లుడుగారు గంటన్నరకల్లా నోరు తెరుచుకుని నిద్రపోయారు. కూతురు ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతూ కూర్చుంది.

రెండు గంటల పది నిమిషాలకి తాతగారు లేచి నిలబడ్డాడు.

"నేను రాను అమ్మాయ్. మీరిద్దరూ వెళ్ళిరండి" అని, చెప్పులు కాళ్ళకి సరిగా దూరకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కూతురి చేతిలో సూది అలాగే ఆగిపోయింది. అల్లుడుగారు ఉలిక్కిపడి లేచి, ఏ పార్కుకొచ్చాం అన్నారు. విషయం తెలిశాక, "నేనేమన్నానే? నిద్రేగా పోయాను" అని నొచ్చుకున్నారు. ఆ అమ్మాయి అత్తతో చెప్పుకుని ఏడ్చింది. అంతకుముందేడు ముగ్గురూ బంధువుల ఇంటికి వెళ్తుంటే కూడా ఇంతేనట. సగం దారిలో సిగ్నల్ దగ్గర బస్సాగితే, తలనొప్పని దిగి ఇంటికెళ్ళిపోయాడు. అప్పట్నించీ జూ దాటి ఎక్కడికీ కదలడం లేదు. "మా ఆయనతో కలిసి రావడం నాన్నకి ఇష్టం లేదండీ. పైకి అనరు. నాలుగేళ్ళుగా నాన్న కోసమని ఆశపడ్డాను, నాదే బుద్ధితక్కువ" అంది. మనసు మార్చుకోకపోతే వచ్చే ఆదివారానికల్లా ప్రయాణం వద్దనుకుంటామని చెప్పి వెళ్ళిపోయారు.

నా పీట కిటికీ దగ్గర ఉంటుంది. తాతగారు కిందికి దిగాక ఇంటివైపు వెళ్ళలేదు. గడియారాల షాపు వెనక, అద్దెకున్నవాళ్ళందరికీ కలిపి ఉన్న బాత్రూంలోకి దాదాపు పరుగుతో వెళ్ళాడు. బయటికొచ్చి, చేతులు, మొహం కడుక్కుని, గోడకి చెయ్యానించి కాసేపు నిలబడ్డాడు. అప్పుడు గానీ ఇంటికి వెళ్ళలేదు.

అత్త నోటుబుక్కు అడిగింది. 'టీ ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు, గంటన్నర నుంచి మోకాళ్ళు దగ్గరికి' అని ఉంది. మిగతాది రాయలేదు. ఒకరి గురించి అలాంటిది రాయొచ్చో లేదో నాకు తెలియలేదు. చివరికి నోటితోనే చెప్పాను. "అత్తా, అందరిలా ఆయన గడియారం చూళ్ళేదు. బాత్రూం ఎక్కడుందా అని తలుపుల వైపు చూశాడు."

అత్త మంగలి కుర్చీలో కూర్చుండిపోయింది. డిపో సంగతి ఎత్తింది. డిపోలో ఎక్కువమంది అడిగేది బస్సు టైము కాదట. పెద్దవాళ్ళు కంత దగ్గరికి వంగి, బస్సు మధ్యలో ఆగుతుందామ్మా, ఎంతసేపు ఆగుతుందమ్మా అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. అది దేనికోసం అడుగుతున్నారో మొదటి వారంలోనే తెలిసిపోయిందట. అలా అడిగినవాళ్ళని బయల్దేరే ముందు పక్కకి పిలిచి, దారి చూపించేదట. "అదే మాట ఈయనా అడిగాడు. నేను పటం చూసుకుంటూ కూర్చున్నాను. అద్దం పెట్టుకున్నదే మొహాలు చూడ్డానికి. చూసి ఏం లాభం, చెవులు మూసుకుంటే?" అంది. ఆవిడ తనని తాను తిట్టుకోగా నేను వినడం అదొక్కసారే.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి తాళం వేసి, నన్ను వెంటబెట్టుకుని జూకి వెళ్ళింది. తాతగారు రోజూ అక్కడికే వస్తాడని కూతురే చెప్పింది. జిరాఫీ దొడ్డి ముందు కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే మొహం చిన్నబోయింది.

ఆయన్ని ఒప్పించడానికి వచ్చానని అత్త అనలేదు. తన గోడు మొదలుపెట్టింది. తనకి సుగరుందట, ఈమధ్య గంట దాటితే కూర్చోలేకపోతోందట, అందుకని తనకోసమే ఒక ప్లాన్ వేసుకుందట, దాన్ని ఆయన ఒకసారి చూడాలట. అత్తకి సుగరుందని నేను అప్పుడే వినడం.

తాతగారు అంతా విన్నాడు. "నిన్న మాకిచ్చినప్పుడు మీరూ టీ తాగారుగా. మూడు చెంచాలు వేసుకున్నారు" అన్నాడు.

అత్త కొంగు సర్దుకుంది. ఆయన నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. డాక్టరుకి చూపించుకున్నాడట. ఈ వయసులో చాలామందికి వచ్చేదే, ప్రయాణాలు మానక్కర్లేదు, బిగబట్టడం మాత్రం వద్దని మందులిచ్చాట్ట. ఇంట్లో చెప్పలేదు. చెబితే కూతురు భయపడి ప్రయాణం మాన్పించి, ఇక జూకి కూడా పంపదని అనుమానం. "అల్లుడు మంచివాడేనమ్మా. కానీ ప్రతి గంటకీ బడిపిల్లాడిలా చెయ్యెత్తి అడగాలా? తొమ్మిది రోజులా? నావల్ల కాదు."

అత్త జవాబిచ్చే లోపు జిరాఫీ నీళ్ళ తొట్టి వైపు నడిచింది. తాతగారు చటుక్కున దానికి వీపు పెట్టి తిరిగి నిలబడ్డాడు. ఎందుకని అత్త అడిగింది.

"దాని మెడ కిందికి అందదమ్మా. ముందుకాళ్ళు రెండూ బారజాపి వంగాలి. అప్పుడు చటుక్కున లేవలేదు, అదే దాని భయం. ఎవరైనా చూస్తుంటే తాగదు. నేనున్నన్నాళ్ళూ ఇలాగే తిరిగి నిలబడేవాణ్ణి."

అత్త కూడా తిరిగింది. నేనూ తిరిగాను. ముగ్గురం వరసగా దారివైపు చూస్తూ నిలబడ్డాం. గేటు దగ్గర్నించి వచ్చేవాళ్ళు జిరాఫీని వదిలేసి మమ్మల్ని చూశారు. వెనక నీళ్ళు తాగుతున్న చప్పుడు వినిపించింది.

"మీరు చెయ్యెత్తక్కర్లేదు అన్నయ్యగారూ" అంది అత్త, అటు చూస్తూనే. "బండే ఆగుతుంది. ఎందుకాగిందో మీ అల్లుడికి తెలియదు. సరిగ్గా కుదరకపోతే మీకంటే ముందు నేనే వద్దంటాను. అలా అయితే వస్తారా?"

చప్పుడు ఆగిపోయాక ఆయన వెనక్కి తిరిగి, జిరాఫీ లేచిందో లేదో చూసుకున్నాడు. "జిరాఫీలు ఎక్కువున్న చోటేనా?" అన్నాడు.

ఆఫీసుకి రాగానే అత్త పటం కిందికి దించి నేల మీద పరిచింది. మామూలుగా పార్కులు ఎంచుకుని వాటి మధ్య దారి వెతుకుతారు. అత్త ఈసారి పార్కుల పేర్లు పక్కన పెట్టేసి, అరూషాలో డ్రైవరుకి ఫోన్ చేసి, ఆగడానికి వీలున్న చోట్లు అడిగింది. ఏ రోడ్డులో శుభ్రమైన బాత్రూం ఎక్కడుంది, పార్కుల లోపల బండి దిగనిచ్చే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎన్ని నిమిషాలు. నేను పటం మీద ఒక్కోదానికి ఒక్కో చింతగింజ పెట్టాను. మూడు రోజులు, పదకొండు ఫోన్లు. గింజకీ గింజకీ మధ్య గంటా పావు దాటకూడదు. దాటిన దారిని అత్త కొట్టేసింది.

ఆంబోసెలి అలా పోయింది. మసాయి మారా పోయింది, సరిహద్దు చుట్టుదారి ఎలాగూ కుదరదు. గోరోంగోరో దగ్గర అత్త ఒక పూటంతా కూర్చుంది. అది కొండల నడిమి పెద్ద లోయ, అందరూ చూడాలనుకునే చోటు, అల్లుడుగారు మరీ మరీ అడిగింది. లోయలోకి దిగే దారిలో, ఎక్కే దారిలో గింజలు కుదరలేదు. దాన్నీ తీసేసింది. దాని బదులు ఆయన జాబితాలో లేని అరూషా పార్కు వచ్చి చేరింది. అది ఊరికి గంటలోపు దూరం, జిరాఫీలు బాగా ఉంటాయని డ్రైవరు చెప్పాడు. తర్వాత టరంగీరే, రెండు గంటల దారి, మధ్యలో ఒక గింజ. అక్కణ్ణించి సెరెంగెటికి రోడ్డు మీద రోజు పడుతుంది, చిన్న విమానంలో అయితే గంట పైచిలుకు. విమానంలో బాత్రూం ఉండదని తెలుసుకుని, ఎక్కే ముందు ఆగే చోటు కూడా కనుక్కుంది. డ్రైవరు ఖాళీ బండితో రోడ్డున వెళ్ళి సాయంత్రానికి వాళ్ళని కలుసుకుంటాడు.

ఇక బండి ఆగడానికి కారణం కావాలి. అది డ్రైవరుని అడిగితే ఆయన ఫోన్లోనే పగలబడి నవ్వాడు. ఆ పనికి వాళ్ళ మాట ఒకటి ఎప్పట్నించో ఉందట. టైర్లు చూసుకోవాలి అంటారట. వాళ్ళ నాన్నకీ ఇదే ఇబ్బంది అని, ఇక మామా నిశ్చింతగా ఉండొచ్చని చెప్పాడు. అత్త నిశ్చింతగా ఉండే మనిషి కాదు. బండి ఫోటోలు పంపించమంది, మెట్టు ఎత్తు మళ్ళీ కొలిపించింది. ఆ తర్వాత తాతగారిని ఒక్కణ్ణే పిలిచి, కుర్చీలో గంటా పావు కూర్చోబెట్టింది. ఈసారి ఆయన టీ మొత్తం తాగాడు.

శనివారం అల్లుడుగారు, కూతురు వచ్చారు. మూడు పార్కులని చూడగానే ఆయన మొహం మారింది. ఐదడిగితే మూడేంటి, అందులో ఒకటి నేను అడగందేంటి అన్నాడు. అత్త ఏ కారణం చెబుతుందా అని నేను ఎదురుచూశాను. వాన, రోడ్లు, గదులు దొరకలేదు, ఏదో ఒకటి అంటుందనుకున్నాను.

"ఐదు నాకు రాదు బాబూ" అంది. "ఎలా వేసినా కుదరడం లేదు. నాకు చేతనైంది ఇదీ."

ఏ ఊరికి ఏ బస్సో నిద్రలో లేపినా చెప్పే మనిషి ఆ మాట అనడం చూసి నేను పుస్తకంలోకి తల దించేసుకున్నాను.

"ముందే చెప్పుంటే మెయిన్ రోడ్డులో పెద్దాఫీసుకి వెళ్ళేవాళ్ళం కదా మేడమ్. కుర్చీల్లో కూర్చోబెట్టడం వచ్చు గానీ..." అని ఆయన ఆగిపోయాడు. భార్య మోచేత్తో పొడిచింది. నాన్న రాత్రి భోజనాల దగ్గర తనంతట తనే చెప్పాడట, ఆవిడ వేసిన ప్లాన్ అయితేనే వస్తానని. "ఆయన వస్తున్నారు. నాకు అదొక్కటి చాలు" అందా అమ్మాయి. అల్లుడుగారు సంతకం పెట్టాడు గానీ, మెట్లు దిగుతూ, అయిదో ఎక్కం రాని టీచరు దగ్గర ట్యూషన్ పెట్టించినట్టుందని అనడం పైకి వినిపించింది. అత్త కూడా వింది. చిన్న విమానం కాబట్టి సంచి పదిహేను కిలోలు దాటకూడదని, గట్టి పెట్టె పనికిరాదని, మెత్తటిదే తీసుకోవాలని పైనుంచే కేకేసి చెప్పింది.

తొమ్మిది రోజులూ అత్త మామూలుగానే ఉంది. గోడ గడియారం పక్కన ఇంకో గడియారం కింది షాపులోంచి తెచ్చి, అక్కడి టైము పెట్టింది. రోజూ సాయంత్రం డ్రైవరు నుంచి ఒక్క ముక్క మెసేజి వచ్చేది. 'టైర్స్ గుడ్, మామా.' అది చూసుకుని ఆఫీసు మూసేది.

తిరిగొచ్చాక ముందు కూతురు వచ్చింది. నాన్న అన్ని పూటలూ కడుపునిండా తిని, తాగి, డ్రైవరుతో జంతువుల గురించి సైగలతోనే వాదనలు పెట్టుకున్నాడట. ఇంత మాట్లాడే మనిషని తను మర్చిపోయిందట. అల్లుడుగారు వేరే సంగతి చెప్పారు, అదీ తన ఆఫీసులో, మంగలి షాపులో, వీధి చివర టీ కొట్లో. గంటకోసారి బండి ఆపడమే ఆ డ్రైవరు పనట. ఒకచోట ఎదురుగా సింహాలున్నా, టైర్లు చూడాలని బండి వెనక్కి తిప్పాట్ట. అంత చెత్త బండి తన ఉద్యోగంలో చూళ్ళేదట, కార్ల సంగతి తనకి తెలుసునట. ఆ మాటలే పెరిగి పెద్దవై నేను మొదట రాసిన కథ అయ్యాయి. పెద్దాఫీసుకి వెళ్ళినవాళ్ళూ ఇద్దరు ముగ్గురున్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. అసలు సంగతి చెప్పేద్దామని అత్తతో అన్నాను. "ఎవరి సంగతి? మనదా, ఆయనదా? మనది కానిది చెప్పడానికి నువ్వెవరు, నేనెవరు?" అంది. పటం దులిపి మళ్ళీ గోడకి తగిలించింది. ఇప్పుడు తాతగారే భోజనాల దగ్గర కూతురికీ అల్లుడికీ నవ్వుతూ చెప్పేశాడట. నువ్వు రాసుకుంటే రాసుకోమ్మా అని నాకూ అనుమతిచ్చాడు. వీధికి మాత్రం పాత కథే బాగుంది, మార్చుకోవడం లేదు.

ఆఫ్రికా నుంచి వచ్చిన వారానికి తాతగారు మా ఆఫీసుకి వచ్చాడు. అత్త కుర్చీ చూపించినా కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ ముందుకి చాపి, జిరాఫీ ఎలా పరిగెత్తిందో చూపించాడు. "తొందర లేనట్టే ఉంటుందమ్మా. మెడ ఇలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కాళ్ళు గాల్లోనే ఆలోచించుకుంటున్నట్టుంటాయి. చూస్తే నడుస్తోందా అనిపిస్తుంది. మన బండి పక్కనే ఎంత వేగం మీద వెళ్తోందో చూసుకుంటే గానీ తెలియదు. గోడ లేదుగా, ఆగలేదు. అలా వెళ్ళిపోయింది." చేతులు కాసేపు అలాగే ఉంచాడు. అత్త మంగలి కుర్చీలోంచి లేచి, మళ్ళీ ఒకసారి చూపించమంది. ఆయన చూపించాడు.

ఆ బండి గురించి వీధిలో ఎవరూ అడగని సంగతి ఒకటుంది. డ్రైవరు పంపిన ఫోటోలూ కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళడానికి రెండు నెలల ముందు కొన్నది అది. నాలుగు టైర్లూ కొత్తవి.